అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడుతోందా? కాలేజీలో చేర్చే ముందు, మార్చే ముందు తెలుసుకోవలసినవి

ప్లస్ టూ ఫలితాలు వచ్చే మే నెలలో చెన్నైలోని చాలా ఇళ్ళలో ఒకటే చర్చ: ఏ కాలేజీ, ఏ కోర్సు, ఎంత ఫీజు. అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడేదైతే ఆ చర్చలోకి ఇంకో మాట వస్తుంది. "ఫలానా కాలేజీ పీడీ మేడం ఫోన్ చేశారు. స్పోర్ట్స్ కోటాలో సీటు ఇస్తారట, ఫీజు కూడా ఉండదట." సంతోషించవలసిన మాటే. కానీ ఆ ఫోన్ వచ్చాక అడగవలసిన ప్రశ్నలు చాలా మంది తల్లిదండ్రులకు తెలియవు. చేరిన ఏడాదికే కోచ్‌తో పడక, హాస్టల్ నచ్చక, లేదా వేరే చోటు నుంచి ఇంకా మంచి పిలుపు వచ్చి "మార్చేద్దాం" అనుకున్నప్పుడు అసలు చిక్కులు బయటపడతాయి. కాలేజీ మారడం చదువు లెక్కలో ఒక ఎత్తు అయితే ఆట లెక్కలో ఇంకో ఎత్తు. చదువు ఆగకపోయినా ఆట ఒక ఏడాది ఆగిపోవచ్చు. మూడేళ్ళ డిగ్రీలో ఒక ఏడాది అంటే మూడో వంతు.

తరతరాలుగా ఈ నగరంలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఇంకొన్ని సందేహాలు కూడా ఉంటాయి. మనం తెలుగువాళ్ళం కాబట్టి తమిళనాడు కోటాలో ఇబ్బంది వస్తుందా? ఇక్కడ అవకాశం రాకపోతే హైదరాబాద్‌కో విజయవాడకో పంపి అక్కడి జట్టుకు ఆడించవచ్చా? అమెరికాలో ఉన్న బాబాయి కూతురు హాయిగా యూనివర్సిటీలు మారుస్తోంది కదా, ఇక్కడ ఎందుకు కుదరదు? వీటన్నిటికీ వరుసగా జవాబులు చూద్దాం.

ఆడేది కాలేజీకి కాదు, యూనివర్సిటీకి

మొట్టమొదట అర్థం చేసుకోవలసింది ఇదే. మన దేశంలో కళాశాల స్థాయి ఆటలో పెద్ద వేదిక అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. వీటిని నడిపేది అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్, వాడుకలో ఏఐయూ. ముందు జోన్ పోటీలు జరుగుతాయి. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, కేరళ విశ్వవిద్యాలయాలన్నీ దక్షిణ జోన్‌లో ఉంటాయి. జోన్‌లో ముందు నిలిచిన జట్లు అఖిల భారత పోటీలకు వెళ్తాయి. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌కు కూడా ఈ పోటీల్లో రాణించిన జట్లే వెళ్తాయి.

ఈ పోటీల్లో ఆడేది కాలేజీల జట్లు కావు, యూనివర్సిటీల జట్లు. ఒక్కో జట్టులో 12 మంది.

ఇక్కడే చెన్నైలో రెండు రకాల దారులు ఉన్నాయి. ఎగ్మూరులోని ఎతిరాజ్, నుంగంబాక్కంలోని ఎంఓపీ వైష్ణవ్, విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ వంటివి ఎంత పేరున్నవైనా, అటానమస్ హోదా ఉన్నా, మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలలు. ఆ విశ్వవిద్యాలయం కింద వందకు పైగా కాలేజీలు ఉన్నాయి. వాటన్నిటి నుంచి ఏరిన 12 మందే మద్రాసు యూనివర్సిటీ జట్టు. అంటే మీ అమ్మాయి ముందు కాలేజీ జట్టులో నిలవాలి, అంతర్ కళాశాల పోటీల్లో కనబడాలి, ఆ తర్వాత యూనివర్సిటీ సెలెక్షన్‌లో నెగ్గాలి. ఇంజనీరింగ్ కాలేజీలలో చేరినవారికి అన్నా విశ్వవిద్యాలయం దగ్గర ఇదే పద్ధతి.

రెండో దారి డీమ్డ్ యూనివర్సిటీలు. కాట్టాంకొళత్తూరులోని ఎస్‌ఆర్‌ఎం, షోళింగనల్లూరులోని సత్యభామ, పడూరులోని హిందుస్థాన్, పల్లావరంలోని వేల్స్ వంటివి తమంతట తామే విశ్వవిద్యాలయాలు. వాటి జట్టు వాటిదే. అక్కడ చేరిన అమ్మాయి సొంత సంస్థ ట్రయల్స్ దాటితే నేరుగా అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తుంది.

వినడానికి రెండో దారి సులువుగా ఉంటుంది. నిజానికి రెండింటికీ వాటి కష్టాలు ఉన్నాయి. డీమ్డ్ యూనివర్సిటీలు అనేక రాష్ట్రాల నుంచి ఏరికోరి క్రీడాకారిణులను తెచ్చుకుంటాయి. జాతీయ జూనియర్ జట్టులో ఆడిన అమ్మాయిల పక్కన మన అమ్మాయి బెంచి మీదే కూర్చోవలసి రావచ్చు. అనుబంధ కాలేజీలో యూనివర్సిటీ జట్టు దాకా వెళ్ళకపోయినా, కాలేజీ జట్టులో రోజూ ఆడే అవకాశం ఉంటుంది. కాబట్టి అడగవలసింది "ఏ కాలేజీ పెద్దది?" అని కాదు. "మా అమ్మాయి ఆడే స్థానంలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో వచ్చే ఏడాది ఎవరు వెళ్ళిపోతున్నారు?" అని.

12 మంది జట్టులో ఏటా కోర్సు ముగించి వెళ్ళేవాళ్ళు సాధారణంగా ముగ్గురు నలుగురే. కొత్తగా ఖాళీ అయ్యే చోట్లు కూడా అన్నే. అందులో గార్డు ఒకటి, ఫార్వర్డు ఒకటి, సెంటరు ఒకటి అనుకుంటే మీ అమ్మాయి పోటీపడేది ఒక్క చోటు కోసం. ట్రయల్స్‌కు వెళ్ళే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

పీడీలు ఏం చూస్తారు?

ఎత్తు చూస్తారు. ఇందులో దాపరికం లేదు. పొడవాటి అమ్మాయి ఆట ఇంకా పచ్చిగా ఉన్నా, నేర్పించుకోవచ్చని తీసుకుంటారు. పొట్టిగా ఉన్న అమ్మాయికి బంతి మీద పట్టు, వేగం, దూరం నుంచి బుట్టలో వేసే నేర్పు ముందే ఉండాలి.

రెండోది సర్టిఫికెట్. స్కూలు రోజుల్లో రాష్ట్ర జట్టుకు ఎంపికై జాతీయ స్థాయిలో ఆడి ఉంటే ఆ కాగితానికే అసలు విలువ. జిల్లా స్థాయి పతకాలు పది ఉన్నా, రాష్ట్రం తరఫున ఆడిన ఒక్క సర్టిఫికెట్ ముందు తక్కువే. ఇంజనీరింగ్‌లో చేరాలనుకునేవారికి ఇది మరీ ముఖ్యం. తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో క్రీడాకారులకు 500 సీట్లు ప్రత్యేకంగా ఉన్నాయి. వాటికి సర్టిఫికెట్ల పరిశీలన వేరుగా జరుగుతుంది. కౌన్సెలింగ్ కూడా సాధారణ కౌన్సెలింగ్ కంటే ముందే పూర్తవుతుంది. మార్కులు వచ్చాక చూద్దాం అనుకుంటే తేదీలు దాటిపోతాయి.

మూడోది, ఈ రోజుల్లో, వీడియో. పూర్తి మ్యాచ్ వీడియో ఒకటి ఉంటే మేలు. పడిన బుట్టలు మాత్రమే ఏరి అతికించిన రెండు నిమిషాల క్లిప్ కంటే, డిఫెన్స్‌లో ఎలా నిలబడుతోంది, బంతి పోయినప్పుడు ఎంత వేగంగా వెనక్కి పరుగెడుతోంది అన్నది కోచ్‌లు ఎక్కువగా గమనిస్తారు.

"ఉచితం" అంటే ఏది ఉచితం?

స్పోర్ట్స్ కోటా అన్న మాట కింద కనీసం నాలుగు వేర్వేరు సంగతులు ఉంటాయి. సీటు మాత్రమే ఇవ్వడం ఒకటి. ట్యూషన్ ఫీజు తీసేయడం రెండోది. హాస్టలు, మెస్ కూడా భరించడం మూడోది. బూట్లు, ప్రయాణాలు, కోచింగ్, వైద్యం చూసుకోవడం నాలుగోది. ఫోన్‌లో "అంతా మేమే చూసుకుంటాం" అంటారు. ఆ "అంతా"లో ఇందులో ఏవి ఉన్నాయో కాగితం మీద తీసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న: ఈ రాయితీ ఒక్క ఏడాదికా, కోర్సు మొత్తానికా? చాలా చోట్ల ఏటా పునఃపరిశీలిస్తారు. జట్టులో లేకపోతే, హాజరు తగ్గితే, పేపర్లు మిగిలిపోతే రాయితీ ఆగిపోవచ్చు. రెండో ఏడాది మోకాలు దెబ్బతింటే ఏమిటి? బాస్కెట్‌బాల్‌లో మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువగా జరుగుతుంది. ఆపరేషన్ అయితే మళ్ళీ కోర్టులోకి రావడానికి సుమారు ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఫీజు ఎవరు కడతారు? ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. మంచి సంస్థ అయితే జవాబు సిద్ధంగానే ఉంటుంది.

చదువు సంగతి కూడా మరవకూడదు. డిసెంబరు, జనవరి ప్రాంతంలో పోటీల కోసం వారాల తరబడి తరగతులు పోతాయి. సెమిస్టర్ పరీక్షతో పోటీ తేదీ ఢీకొంటే మళ్ళీ పరీక్ష పెడతారా, హాజరు కలుపుతారా అన్నది ఒక్కో సంస్థలో ఒక్కో విధం. సీనియర్ క్రీడాకారిణుల తల్లిదండ్రులను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

మధ్యలో మారితే ఏమవుతుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడాలంటే ఏఐయూ నియమాల ప్రకారం అమ్మాయి ఫుల్‌టైమ్ కోర్సు చదువుతూ ఉండాలి. ఆ కోర్సు కనీసం ఒక విద్యా సంవత్సరం ఉండాలి. దూరవిద్య చెల్లదు. పూర్తికాల ఉద్యోగంలో ఉన్నవారు అర్హులు కారు. తాత్కాలిక అడ్మిషన్ చాలదు. జులై 1 నాటికి వయసు 17 దాటి 25 లోపు ఉండాలి. ఒక విద్యా సంవత్సరంలో ఒకే యూనివర్సిటీకి ఆడాలి.

మారే విషయంలో నియమం ఇది: కోర్సు మధ్యలో ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో యూనివర్సిటీకి మారితే, దానిని మైగ్రేషన్‌గా లెక్కిస్తారు. అలా మారిన రోజు నుంచి ఒక ఏడాది అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడనివ్వరు. కానీ ఒక కోర్సు పూర్తిచేసి, పాసై, ఇంకో యూనివర్సిటీలో వేరే కోర్సులో చేరితే అది మైగ్రేషన్ కాదు. చేరిన ఏడాదే ఆడవచ్చు.

ఉదాహరణలు చూస్తే స్పష్టంగా ఉంటుంది. కొరుక్కుపేటలో ఉండే ఒక తెలుగు కుటుంబంలోని అమ్మాయి ఎతిరాజ్‌లో బీకాం చేరిందనుకుందాం.

మొదటిది: ఏడాది తర్వాత ఎంఓపీ వైష్ణవ్‌కు మారాలనుకుంది. రెండూ మద్రాసు విశ్వవిద్యాలయం కిందివే. యూనివర్సిటీ మారలేదు కాబట్టి ఏఐయూ మైగ్రేషన్ నియమం అడ్డురాదు. అయితే అటానమస్ కాలేజీల సిలబస్‌లు వేరు. రెండో ఏడాదిలో సీటు ఖాళీ ఉండాలి, పాత పేపర్లు కొత్త చోట సరిపోవాలి, యూనివర్సిటీ అనుమతి కావాలి. ఆట కంటే చదువు వైపే చిక్కు ఎక్కువ. అంతర్ కళాశాల పోటీలకు యూనివర్సిటీ సొంత నియమాలు ఉంటాయి కాబట్టి వ్యాయామ విద్యా విభాగంలో ముందే అడగాలి.

రెండోది: ఏడాది తర్వాత సత్యభామ నుంచి పిలుపు వచ్చి మారింది. ఇది మైగ్రేషన్. ఒక ఏడాది యూనివర్సిటీ జట్టులో ఆడలేదు. పైగా బీకాం మళ్ళీ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టవలసి వస్తే వయసు లెక్కలోనూ ఏడాది పోతుంది.

మూడోది: బీకాం మూడేళ్ళూ ఎతిరాజ్‌లోనే చదివి పాసై, ఎంబీఏకు ఎస్‌ఆర్‌ఎంలో చేరింది. ఏ అడ్డూ లేదు. ఆ ఏడాదే కొత్త జెర్సీ వేసుకోవచ్చు.

నాలుగోది చాలా మందిని తికమకపెట్టేది. వీఐటీ వేలూరు నుంచి వీఐటీ చెన్నైకి మారితే రెండూ ఒకే యూనివర్సిటీ ప్రాంగణాలు. కానీ అమరావతిలోని వీఐటీ ఏపీ వేరే చట్టం కింద ఏర్పడిన వేరే యూనివర్సిటీ. ఎస్‌ఆర్‌ఎం కాట్టాంకొళత్తూరు, ఎస్‌ఆర్‌ఎం ఏపీ కూడా అంతే. పేరు ఒకటే అయినంత మాత్రాన యూనివర్సిటీ ఒకటే కాదు. "మా సంస్థే కదా, అక్కడికి మార్చుకోవచ్చు" అని ఎవరైనా అంటే ఈ తేడా అడగండి.

ఈ నాలుగింటిలోనూ కనిపించే సంగతి ఒకటే. మారడానికి మంచి సమయం డిగ్రీ మధ్యలో కాదు, డిగ్రీ చివర. ప్లస్ టూ 17, 18 ఏళ్ళకు పూర్తవుతుంది. మూడేళ్ళ డిగ్రీ 21కి, రెండేళ్ళ పీజీ 23కి. 25 దాకా అవకాశం ఉంది కాబట్టి పీజీలో రెండు పూర్తి సీజన్లు మిగులుతాయి. తొందరపడి మధ్యలో మారితే పోయేది ఒక ఏడాది, ఓపిక పడితే దొరికేది రెండేళ్ళు.

అలాగని ఏ పరిస్థితిలోనూ మారకూడదని కాదు. అమ్మాయికి రక్షణ లేదనిపించినా, కోచ్ ప్రవర్తన బాగాలేకపోయినా, దెబ్బతో ఆడమని బలవంతపెట్టినా ఒక ఏడాది ఆట లెక్కలోది కాదు. వెంటనే బయటికి తీసుకురావాలి. నియమాలు తెలుసుకోవడం అమ్మాయిని అక్కడే కట్టిపడేయడానికి కాదు. ఏం పోగొట్టుకుంటున్నామో తెలిసి నిర్ణయించుకోవడానికి.

సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటే?

కాలేజీ మారదామనుకున్నప్పుడు తల్లిదండ్రులకు ఎదురయ్యే పెద్ద భయం ఇదే. "ఒరిజినల్స్ వాళ్ళ దగ్గర ఉన్నాయి. మూడేళ్ళ ఫీజు కడితేనే టీసీ ఇస్తారట." ఈ విషయంలో యూజీసీ 2018 అక్టోబరులో స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థ తన దగ్గర ఉంచుకోకూడదు. పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఫీజు తిరిగి ఇచ్చే లెక్క కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే తప్పుకుంటే దాదాపు మొత్తం ఫీజు. ఆ 15 రోజుల లోపు తప్పుకుంటే 90 శాతం. చివరి తేదీ దాటాక 15 రోజుల లోపు 80 శాతం. 15 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం. 30 రోజులు దాటితే ఏమీ రాదు.

కాబట్టి మనసు మార్చుకోవలసి వస్తే మొదటి నెలలోనే మార్చుకోవడం మేలు. స్పోర్ట్స్ కోటాలో చేరేటప్పుడు బాండు పేరుతో ఏదైనా కాగితం మీద సంతకం అడిగితే చదవకుండా పెట్టకండి. ఇంటికి తెచ్చుకుని, తెలిసినవాళ్ళకు చూపించి, ఒక జిరాక్స్ ఉంచుకుని అప్పుడు పెట్టండి. "మధ్యలో వెళ్తే ఇప్పటిదాకా ఇచ్చిన రాయితీ అంతా తిరిగి కట్టాలి" అన్న షరతు ఉందేమో ప్రత్యేకంగా చూడండి.

తెలుగువాళ్ళం కదా, మన రాష్ట్రం ఏది?

ఇంట్లో తెలుగు మాట్లాడతాం కాబట్టి తమిళనాడు కోటాలో వెనక్కి నెడతారేమో అన్న అనుమానం కొందరికి ఉంది. ప్రవేశాల నియమాల్లో చూసేది మాతృభాష కాదు, చదివిన చోటు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో 8 నుంచి 12వ తరగతి దాకా తమిళనాడులోనే చదివినవారికి నేటివిటీ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివిన మన పిల్లలు ఇక్కడివాళ్ళే.

అసలు ఇబ్బంది అటువైపు ఉంది. "ఇక్కడ పోటీ ఎక్కువ, ఊళ్ళో మావయ్య ఉన్నాడు, హైదరాబాద్‌లో చేర్పిద్దాం" అనుకునేవారు గమనించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రాజ్యాంగంలోని 371 డి అధికరణం, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వచ్చిన "లోకల్" లెక్క ఉంది. అక్కడి లోకల్ సీట్లకు కూడా ఆ ప్రాంతంలో వరుసగా చదివిన సంవత్సరాలే ఆధారం. మన తాత నెల్లూరు నుంచి వచ్చాడు, మన ఇంటి పేరు గుంటూరు జిల్లాది అన్నది పనికిరాదు. చెన్నైలో ప్లస్ టూ చదివిన అమ్మాయి అక్కడ నాన్‌లోకల్. ప్రైవేటు యూనివర్సిటీల్లో, మేనేజ్‌మెంటు సీట్లలో చేరవచ్చు. కన్వీనర్ కోటాను నమ్ముకుని వెళ్ళకూడదు.

రాష్ట్ర జట్టు సంగతి వేరు. యూనివర్సిటీ జట్టులో ఏ రాష్ట్రం అమ్మాయి అయినా ఆడవచ్చు. జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడాలంటే మాత్రం రాష్ట్ర బాస్కెట్‌బాల్ సంఘంలో నమోదు కావాలి. ఒక సీజన్‌లో రెండు రాష్ట్రాలకు ఆడడం కుదరదు. తమిళనాడు నుంచి ఇంకో రాష్ట్రానికి మారాలంటే ఇక్కడి సంఘం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. కాలేజీ మారడం, రాష్ట్ర సంఘం మారడం రెండూ వేర్వేరు పనులు. ఒకటి చేస్తే రెండోది దానంతట అది జరగదు.

భాషా అల్పసంఖ్యాక సంస్థల గురించి కూడా ఒక మాట. తమిళనాడులో తెలుగు భాషా అల్పసంఖ్యాక హోదా ఉన్న కాలేజీల్లో మన పిల్లలకు మైనారిటీ సీట్లు ఉంటాయి. అది ప్రవేశానికి మాత్రమే ఉపయోగం. మైనారిటీ సీటులో చేరిన అమ్మాయికి క్రీడా రాయితీ దానంతట అది రాదు. రెండింటికీ వేర్వేరుగా దరఖాస్తు చేయాలి. ఆ కాలేజీకి అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు ఉందా, కోర్టు ఉందా, కోచ్ ఉన్నారా అన్నది స్వయంగా వెళ్ళి చూసుకోవాలి.

అమెరికాలో ఎలా కుదురుతోంది?

అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏలో కూడా ఒకప్పుడు ఇలాంటి నియమమే ఉండేది. బాస్కెట్‌బాల్ అమ్మాయి యూనివర్సిటీ మారితే సాధారణంగా ఒక ఏడాది బయట కూర్చోవాలి. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. మారదలచినవారు అందులో పేరు నమోదు చేయించుకుంటే వేరే కోచ్‌లు వారితో మాట్లాడవచ్చు. 2021లో ఒకసారి మారితే వెంటనే ఆడే వీలు ఇచ్చారు. కోర్టు వివాదాల తర్వాత 2024 ఏప్రిల్ నుంచి, చదువులో అర్హత ఉన్నంతకాలం, ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చు. బాబాయి కూతురు హాయిగా మారడం వెనక ఉన్న కథ ఇది.

అయితే పోర్టల్‌లో పేరు పెట్టినంత మాత్రాన కొత్త చోటు దొరికినట్టు కాదు. పాత యూనివర్సిటీ తర్వాతి టర్మ్ నుంచి స్కాలర్‌షిప్ ఆపేయవచ్చు. కొత్త చోట ఎవరూ పిలవకపోతే రెంటికీ చెడినట్టే. పైగా అనుభవం ఉన్న క్రీడాకారిణులు పోర్టల్‌లో దొరుకుతుంటే, కోచ్‌లు స్కూలు నుంచి కొత్తగా వచ్చే అమ్మాయిల వైపు చూడడం తగ్గింది. అక్కడ మారడం సులువైంది, కొత్తగా చోటు దొరకడం కష్టమైంది.

చెన్నై నుంచి వెళ్ళాలనుకునేవారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి మూడు. మొదటిది, డివిజన్ 1లో ఆడాలంటే 9 నుంచి 12వ తరగతి దాకా 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ చూపాలి. 9వ తరగతి మార్కుల జాబితా కూడా దాచుకోవాలి. రెండోది, ఫుల్‌టైమ్ కాలేజీలో ఎక్కడ చేరినా, అది చెన్నైలో అయినా, ఎన్‌సీఏఏ గడియారం అప్పటి నుంచే నడుస్తుందన్నది అక్కడి పద్ధతి. "ఇక్కడ డిగ్రీ చదివి తర్వాత అక్కడ ఆడుతుంది" అనుకుంటే సీజన్లు తగ్గిపోతాయి. మూడోది, అక్కడి విద్యార్థి క్రీడాకారులు తమ పేరు మీద ప్రకటనల ద్వారా సంపాదించడం 2021 జులై నుంచి మొదలైంది గానీ, ఎఫ్1 వీసా మీద ఉన్న మన పిల్లలకు ఆ సంపాదన వీసా చిక్కు తెచ్చిపెడుతుంది. అక్కడి నియమాలు దాదాపు ఏటా మారుతున్నాయి. వెళ్ళే ఏడాది నియమాలే చూసుకోవాలి.

వెళ్ళినవారు లేరా అంటే ఉన్నారు. 2010లో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి మన దేశం నుంచి ఎంపికైన ఎనిమిది మందిలో నలుగురు అమ్మాయిలు. వారిలో కవిత ఆకుల తర్వాత అరిజోనాలోని గ్రాండ్ కెన్యన్ యూనివర్సిటీకి స్కాలర్‌షిప్ మీద ఆడింది. బెంగళూరు అమ్మాయి సంజన రమేశ్ నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీకి ఆడింది. దారి ఉంది, కానీ ఇరుకు. స్కూలు రోజుల నుంచే సిద్ధం కావాలి.

చివరికి మిగిలేది ఏమిటి?

"ఇంత కష్టపడి ఆడితే ఏమొస్తుంది?" అన్నది ఇంట్లో పెద్దవాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. చెన్నైలో దానికి జవాబు కళ్ళ ముందే ఉంది. దక్షిణ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే. మహిళల బాస్కెట్‌బాల్‌లో భారతీయ రైల్వే జట్టు దేశంలో ఎన్నో ఏళ్ళుగా ముందుంది. భారత జట్టుకు ఏళ్ళ తరబడి కెప్టెన్‌గా ఉండి 2021లో పద్మశ్రీ అందుకున్న అనితా పాల్‌దురై చెన్నై అమ్మాయే, దక్షిణ రైల్వే ఉద్యోగే. కేరళ నుంచి వచ్చి దక్షిణ రైల్వేకు ఆడిన గీతు అన్నా జోస్ 2011లో అమెరికా మహిళల వృత్తి లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ట్రయల్స్ దాకా వెళ్ళింది. 2014లో అర్జున అవార్డు అందుకుంది.

అందరూ అంత ఎత్తుకు వెళ్ళరు. వెళ్ళనక్కర్లేదు కూడా. రైల్వేలు, కేంద్ర ప్రభుత్వ శాఖలు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలు ఇస్తాయి. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 3 శాతం కోటా ఉంది. కేంద్ర ఉద్యోగాలకు ఫారం 1 అంటే దేశానికి ఆడినట్టు, ఫారం 2 అంటే రాష్ట్రానికి, ఫారం 3 అంటే యూనివర్సిటీకి, ఫారం 4 అంటే రాష్ట్ర స్కూలు జట్టుకు. డిగ్రీ రోజుల్లో యూనివర్సిటీ జెర్సీ వేసుకోవడం ఎందుకు అంత ముఖ్యమో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ ఫారం 3 కోసమే. కాలేజీ మారి ఒక ఏడాది బయట కూర్చుంటే పోయేది ఆ కాగితం సంపాదించే ఒక అవకాశం. దీనిపై యూనివర్సిటీ క్రీడా విభాగం అధికారి సంతకం ఉండాలి. పోటీ ముగిసిన వెంటనే తీసుకోవాలి. ఐదేళ్ళ తర్వాత ఉద్యోగం ప్రకటన వచ్చినప్పుడు పరుగెడితే పాత రికార్డులు దొరకడం కష్టం.

చేరే ముందు అడగవలసిన ప్రశ్నలు

- ఈ కాలేజీ ఏ యూనివర్సిటీ కిందిది? జట్టు కాలేజీదా, యూనివర్సిటీదా?
- మా అమ్మాయి ఆడే స్థానంలో ఎవరెవరు ఉన్నారు? వారు ఏ ఏడాది చదువుతున్నారు?
- సీటు, ఫీజు, హాస్టలు, వైద్యం, వీటిలో ఏవి ఇస్తారు? ఎన్నేళ్ళకు? కాగితం మీద ఇస్తారా?
- దెబ్బ తగిలి ఏడాది ఆడలేకపోతే రాయితీ ఉంటుందా?
- పోటీల రోజులకు హాజరు, పరీక్ష సంగతి ఎలా?
- మధ్యలో తప్పుకుంటే ఏమైనా తిరిగి కట్టాలా?
- అమ్మాయిల జట్టుతో ప్రయాణంలో మహిళా అధికారి ఎవరు వెళ్తారు?
- ఈ ఏడాది ఏఐయూ అర్హత నియమాల ప్రతి చూపిస్తారా?

ఈ నగరంలో వ్యాయామ విద్యకు పెద్ద చరిత్ర ఉంది. నందనంలోని వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను హ్యారీ క్రో బక్ 1920లో స్థాపించాడు. కోస్తా, రాయలసీమ తెలుగు జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న రోజులవి. ఈ నగరంలో మన పిల్లలకు కోర్టులకూ కోచ్‌లకూ కొదవలేదు. కొదవ ఉన్నది సమయానికి సరైన సమాచారానికే. మీ వీధిలో, మీ బంధువుల్లో బంతి పట్టుకున్న అమ్మాయి ఎవరైనా పదో తరగతిలో ఉంటే, ఈ లెక్కలు ఇప్పుడే వాళ్ళ ఇంట్లో చెప్పండి. ప్లస్ టూ ఫలితాలు వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుంది.